నీరు త్రాగిన కాంక్రీటు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇండ్లలో దినముల తరబడి నీరు నిలిచినది. అట్టి నేల పైకి ఎండినట్లే కనుపించును గాని, కాంక్రీటు త్రాగిన నీరు లోపలనే యుండును. అంగుళము మందము ఆరుటకు సుమారు నెల పట్టునని పనివారి లెక్క. కాంక్రీటుకు అంత భయము లేదు. కట్టునాడు మనమే తడుపుదుము గదా! భయమెల్ల అప్పు చేసి పరపించు టైల్సును గురించియే.

వానకాలపు గాలియే తడి గనుక తలుపులు తెరచిన ప్రయోజనము స్వల్పము. నిపుణులు గది మూసి, పంకాలు త్రిప్పుచు, తేమ పీల్చు యంత్రమును నడుపుదురు. దాని చల్లని గొట్టములపై గాలిలోని చెమ్మ నీరై తొట్టిలో పడును.

మేము చెప్పు పరీక్ష ఇది: మూరెడు ప్లాస్టిక్ కాగితమును నేలపై పరచి, అంచులు టేపుతో అంటించి, 16 గంటలకు ఎత్తి చూడుడు. చెమ్మ యున్నచో టైల్సు పరపకుడు. లేకున్నను, రంధ్రము తొలిచి మీటరుతో కొలిచినగాని లోతు తేమ తెలియదు.