బిల్లు కమిటీకి వెళ్లినప్పుడు మన పని ఏమిటి?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ మైకు ముందు మేము చదివేది స్కాలర్‌షిప్పుల లెక్క. ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎంతమంది పదో తరగతి గట్టెక్కారు, అంతే. ఈసారి కార్యవర్గం వారు చట్టసభల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కారణం మీకు తెలుసు. 2024 ఆగస్టులో ఒక శుక్రవారం, జుమా నమాజు అయ్యాక, మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని పదిమంది చుట్టుముట్టారు. "మాస్టర్ సాబ్, చట్టం అయిపోయిందంట కదా, మన ఖబరస్తాన్ పోయినట్టేనా?" అని అడిగారు. అప్పటికి ఒక్క రోజు ముందు లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లును ప్రవేశపెట్టారు. ప్రవేశపెట్టారంతే. చట్టం కాలేదు.

మేము పాతికేళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాం. "బిల్లు చట్టంగా ఎలా మారుతుంది" అన్న పాఠానికి గోడ మీద ఒక చార్టు ఉంటుంది. మొదటి పఠనం, రెండో పఠనం, మూడో పఠనం, రాష్ట్రపతి సంతకం. పిల్లలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఆ శుక్రవారం మమ్మల్ని అడిగిన పదిమందిలో నలుగురు మా పాత విద్యార్థులే. అంటే మేము ఆ పాఠం ఎంత బాగా చెప్పామో చూడండి!

పెళ్లి సంబంధంతో పోల్చి చెబితే సులువుగా అర్థమవుతుంది. బిల్లు ప్రవేశపెట్టడం అంటే సంబంధం మాట ఎత్తడం. పెద్దలు కూర్చుని మహర్ ఎంత, పిల్ల చదువు సంగతేమిటి, ఎవరి పరిస్థితి ఏమిటి అని మాట్లాడుకోవడం కమిటీ దశ. ఖాజీ ముందు ఖుబూల్ అన్నప్పుడే నిఖా. మాట ఎత్తిన రోజునే నిఖా అయిపోయిందని ఏడవకూడదు. అలాగని నిఖా రోజు వరకు మౌనంగా కూర్చుని, ఆ తర్వాత అభ్యంతరం చెప్పినా లాభం లేదు.

ఇక అసలు విషయం. ప్రభుత్వ బిల్లును సభకు తేవాలంటే మంత్రి ముందుగా నోటీసు ఇవ్వాలి. మామూలుగా ఏడు రోజులు. స్పీకరు అనుమతిస్తే తగ్గించవచ్చు. బిల్లు ప్రతులు సభ్యులకు పంచుతారు. ఆ రోజు మంత్రి లేచి ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరతారు. ఆ అనుమతినే వ్యతిరేకించే హక్కు సభ్యులకు ఉంది. అయితే ఆ దశలో బిల్లులో ఒక్క అక్షరం కూడా మారదు. అనుమతి దొరకగానే బిల్లు గెజిట్‌లో అచ్చవుతుంది. అక్కడి నుంచి అది బహిరంగ పత్రం, ఎవరైనా చదువుకోవచ్చు. మనలో ఎంతమందిమి చదివామన్నది వేరే సంగతి.

ఆ తర్వాత సభ ముందు కొన్ని దారులుంటాయి. నేరుగా చర్చకు తీసుకోవచ్చు. ప్రజాభిప్రాయానికి పంపవచ్చు. ఒక సభకు చెందిన సెలెక్ట్ కమిటీకి గానీ, రెండు సభల ఉమ్మడి కమిటీకి గానీ అప్పగించవచ్చు. ఇవి కాక శాఖల వారీ స్థాయీ సంఘాలున్నాయి. 1993లో 17తో మొదలై ఇప్పుడు 24 అయ్యాయి. ఒక్కొక్క దానిలో 31 మంది సభ్యులు. సభ లేని రోజుల్లో కూడా ఇవి పని చేస్తాయి. కమిటీకి పంపి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు. అందుకే 15వ లోక్‌సభలో సుమారు పది బిల్లుల్లో ఏడు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో ఆరింటిలో ఒకటి వెళ్లడమే గగనమైంది. ఇదొక పార్టీని అనడానికి చెప్పడం లేదు. మనకు మాట చెప్పుకునే కిటికీ ఎంత అరుదుగా తెరుచుకుంటుందో తెలియాలని చెబుతున్నాం.

2024 ఆగస్టు 8న ఆ కిటికీ తెరుచుకుంది. మంత్రి కిరణ్ రిజిజు బిల్లు పెట్టారు. ప్రతిపక్షం ప్రవేశ దశలోనే వ్యతిరేకించింది. మన అమలాపురం ఎంపీ హరీష్ బాలయోగి బిల్లును సమర్థిస్తూనే, కమిటీకి పంపితే తమ పార్టీకి అభ్యంతరం లేదన్నారు. ఆయన తండ్రి జి.ఎం.సి. బాలయోగి గారు ఒకప్పుడు అదే సభకు స్పీకరు. చివరికి మంత్రే ఉమ్మడి కమిటీ అన్నారు. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, మొత్తం 31 మంది. అధ్యక్షులు జగదంబికా పాల్. మన తెలుగు రాష్ట్రాల నుంచి అసదుద్దీన్ ఒవైసీ, లావు శ్రీకృష్ణ దేవరాయలు, డి.కె. అరుణ, విజయసాయి రెడ్డి గార్లు అందులో ఉన్నారు.

వక్ఫ్‌కూ చట్టసభకూ ఉన్న బంధం నిన్న మొన్నటిది కాదు. 1894లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పుతో కుటుంబ వక్ఫులు చెల్లకుండా పోయాయి. దానికి విరుగుడుగా 1911లో జిన్నా, అప్పటికింకా కాంగ్రెస్ మనిషే, మంత్రీ అధికారీ కాని ఒక మామూలు సభ్యుడిగా బిల్లు పెట్టారు. 1913లో అది చట్టమైంది. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటులో మంత్రి కాని సభ్యుడు పెట్టి చట్టమైన మొట్టమొదటి బిల్లు ఏదో తెలుసా? అది కూడా వక్ఫ్ బిల్లే. సయ్యద్ మొహమ్మద్ అహ్మద్ కాజ్మీ గారు 1952లో పెట్టారు, 1954లో చట్టమైంది. ఇలాంటి ప్రైవేటు బిల్లులు ఇప్పటివరకు 14 మాత్రమే నెగ్గాయి. 1970 తర్వాత ఒక్కటీ లేదు. క్విజ్ పోటీల్లో ఈ ప్రశ్న మేము తరచు వేస్తాం. మన పిల్లలే జవాబు చెప్పలేకపోతే మనసుకు కష్టంగా ఉంటుంది.

కమిటీ చేతిలో పడ్డ బిల్లు అక్కడే ఆగిపోతుందా, మారుతుందా? రెండు రకాలుగానూ జరిగింది. 2010 నాటి వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో పదిహేను రోజుల్లోపే గట్టెక్కింది. రాజ్యసభ దాన్ని సైఫుద్దీన్ సోజ్ గారి అధ్యక్షతన సెలెక్ట్ కమిటీకి పంపింది. చట్టమయ్యేసరికి 2013 వచ్చింది. మన రాష్ట్రంలో ఇంకో కథ ఉంది. 2020 జనవరి 22న శాసన మండలిలో మూడు రాజధానుల బిల్లులు వచ్చినప్పుడు, అధ్యక్ష స్థానంలో ఉన్న మన షరీఫ్ గారు తన విచక్షణాధికారంతో వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆ రాత్రి టీవీ ముందు నుంచి మేము లేవలేదు. ఆ కమిటీలు మాత్రం ఏర్పడనేలేదు. ఐదు రోజులకే మండలినే రద్దు చేయమని శాసనసభ తీర్మానం చేసింది. ఆ జూన్‌లో బిల్లులు మళ్లీ వచ్చాయి, జూలై 31న గవర్నరు సంతకం అయింది. మరుసటి ఏడాది వాటిని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, మండలి రద్దు తీర్మానాన్ని కూడా. కమిటీకి పంపాం అన్న మాటకు ఎంత బలం ఉందో, ఎంత లేదో ఆ ఒక్క ఉదంతంలో కనిపిస్తుంది.

ఇప్పుడు మన సంగతి. ఇందులో తప్పు మనదే ఉంది, దాచకుండా చెబుతాం.

ఉమ్మడి కమిటీ పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. సూచనలు పదిహేను రోజుల్లో పంపాలి, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రెండు ప్రతులు. తెలుగు లేదు, ఉర్దూ లేదు. మన ఊళ్లో ఆ ప్రకటన ఎవరమూ చూడలేదు. వారం దగ్గర పడ్డాక వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేసి బటన్ నొక్కితే ఈమెయిలు వెళ్లిపోతుంది. మసీదు గేటుకు అంటించాం, అందరం నొక్కాం, పని అయిపోయిందనుకున్నాం. కమిటీకి వచ్చిన విజ్ఞప్తులు 97 లక్షలు దాటాయి. మనం నొక్కినవీ ఆ లెక్కలో ఉండి ఉంటాయి. అన్నింటిలో ఒకే అచ్చు.

సబ్ రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "మన ఖబరస్తాన్ గురించి మనమే రాయాలి కదా" అన్నారు. ఇషా తర్వాత సంఘం గదిలో ఐదుగురం కూర్చున్నాం. మేము మొదట రాసింది రెండు పేజీల ఆవేశం. ఆయన ఎర్ర పెన్నుతో అంతా కొట్టేసి, "క్లాజు నంబరు లేని కోపం కమిటీకి ఎందుకు? ఏ క్లాజు వల్ల మన ఏ స్థలానికి ఏం జరుగుతుందో అది రాయండి" అన్నారు. టీచర్లమని చెప్పుకునే మాకు అది పాఠమే.

రాద్దామంటే కాగితాలు లేవు. తాతల కాలం నుంచి ఖననాలు జరుగుతున్న స్థలం, ఊరందరికీ తెలుసు, హిందూ సోదరులకూ తెలుసు. కానీ ఎవరు ఇచ్చారో చెప్పే దస్తావేజు లేదు. పాత ముతవల్లి గారి ఇంట్లో ఇనప్పెట్టె వెతికితే వక్ఫ్ గెజిట్ జిరాక్సు ఒకటి దొరికింది. అందులో సర్వే నంబరు ఒకటి, అడంగల్‌లో ఇంకొకటి. గెజిట్‌లో ఉన్న విస్తీర్ణం కన్నా అడంగల్‌లో పదకొండు సెంట్లు తక్కువ. ఆ పదకొండు సెంట్లు ఎటు పోయాయో చెప్పగలిగిన వాళ్లు ఆ ఖబరస్తాన్‌లోనే ఉన్నారు. పత్రాలు పోగేసి, ఇంగ్లీషులో రాసి, పద్నాలుగో రోజు స్పీడ్ పోస్టు చేశాం. గడువులోపు చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు మా గుండె గుబులంతా ఒక్క మాట మీదే: వాడుక ద్వారా వక్ఫ్. దస్తావేజు లేకపోయినా, చిరకాలంగా ధర్మకార్యానికి వాడుతున్న స్థలాన్ని వక్ఫ్‌గా గుర్తించే పద్ధతి. మొదటి బిల్లు ఆ మాటను పూర్తిగా తీసేసింది. దేశంలో పాత మసీదులు, ఖబరస్తాన్‌లు ఎన్నో దాని మీదే నిలబడి ఉన్నాయి.

కమిటీ 38 సార్లు కూర్చుంది. సెప్టెంబరు చివర్లో హైదరాబాద్‌కూ వచ్చింది. శీతాకాల సమావేశాల్లోనే ఇవ్వాల్సిన నివేదికకు గడువు పొడిగించుకున్నారు. 2025 జనవరిలో ఒక్కొక్క క్లాజు మీద ఓట్లు వేశారు. ప్రతిపక్షం సవరణలన్నీ ఓడిపోయాయి, పాలకపక్షం వైపు నుంచి వచ్చిన 14 నెగ్గాయి. నివేదిక 15 ఓట్లకు 11తో ఆమోదం పొందింది. ఫిబ్రవరి 13న సభ ముందుకు వచ్చినప్పుడు అసమ్మతి పత్రాల్లో కొన్ని భాగాలు తీసేశారని గొడవ జరిగింది, తర్వాత వాటిని చేర్చారు. ఏప్రిల్‌లో లోక్‌సభలో 288కి 232, రాజ్యసభలో 128కి 95. ఏప్రిల్ 5న రాష్ట్రపతి సంతకం.

అయితే కమిటీ అంతా ఉత్త తంతేనా? మనలో చాలామంది అలాగే అంటారు. మేము అలా అనలేం. ఆ 14 మార్పుల్లో ఒకటి మన గుబులుకు సంబంధించినదే. చట్టం అమలులోకి వచ్చేనాటికి వాడుక ద్వారా వక్ఫ్‌గా రిజిస్టరై ఉన్న ఆస్తులు వక్ఫులుగానే ఉంటాయి. వివాదంలో ఉన్నవాటికీ ప్రభుత్వ భూములకూ ఇది వర్తించదు. ఇది చాలదని మేమూ అంటాం. కానీ మొదటి బిల్లులో ఈ మాత్రం కూడా లేదు. దీన్ని ఉన్నదున్నట్టు చూడాలి. చేతులెత్తే లెక్కను కమిటీ మార్చదు, పార్టీల బలమే అక్కడా తేల్చుతుంది. మాటల్ని మాత్రం మార్చగలదు. ఒక్కోసారి ఒక ఖబరస్తాన్ ఉండడమూ పోవడమూ ఒక్క మాట మీద ఆధారపడుతుంది.

ఆ వాక్యంలో "రిజిస్టరై ఉన్న" అన్న మాటను దయచేసి ఇంకోసారి వినండి. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల్లో ఐదేళ్ల నిబంధన, కలెక్టరు కన్నా పై స్థాయి అధికారి విచారణకు సంబంధించిన నిబంధనల వంటి కొన్నింటిని ఆపింది. రిజిస్ట్రేషన్ నిబంధనను ఆపలేదు. జూన్‌లో తెరిచిన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టినప్పుడు, ముతవల్లులు కాగితాల కోసం మళ్లీ అవే ఇనప్పెట్టెలు వెతుక్కున్నారు. మేము 2024లో కమిటీ కోసం పోగేసిన ఫైలే మన ఖబరస్తాన్‌కు అప్పుడు అక్కరకొచ్చింది. ఢిల్లీలో ఆ ఉత్తరాన్ని ఎవరైనా చదివారో లేదో గానీ, రాయడం వల్ల మనకు ఒక ఫైలు మిగిలింది.

దాతలైన మీకు ఒక చిన్న విన్నపం. అన్నదానానికి, ఫీజులకు మీరు ఇచ్చేది అల్లాహ్ కబూల్ చేయుగాక. దానిలో కోత పెట్టమని అడగడం లేదు. జకాత్ సొమ్ము దీనికి వాడకూడదు, ఆ విషయంలో ఆలిముల మాటే శిరోధార్యం. విడిగా సదఖాగా ఇవ్వగలిగిన వారు ఇవ్వండి. సర్వేయరుతో హద్దులు కొలిపించాలి, ఈసీలు, అడంగల్ నకళ్లు తీయించాలి, గెజిట్ ధ్రువీకరణ ప్రతులు తెప్పించాలి. లా చదువుతున్న మన ఇద్దరు పిల్లలకు, పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో బిల్లుల జాబితా, కమిటీ ప్రకటనలు చూసి మనకు తెలుగులో రాసిపెట్టే పని అప్పగించాలనుకుంటున్నాం. వారికి నెలకు కొంత భత్యం ఇవ్వాలి. మరో బిల్లు వచ్చినప్పుడు ప్రకటన మొదటి రోజే మన చేతిలో ఉండాలి, ఏడో రోజు క్యూఆర్ కోడ్‌లో కాదు. వచ్చేది వక్ఫ్ బిల్లే కానవసరం లేదు. విద్య మీద రావచ్చు, చిన్న వ్యాపారుల మీద రావచ్చు.

సంఘం గదిలో గుమాస్తా సాబ్ సొంత డబ్బుతో ఒక ఇనుప బీరువా కొనిపెట్టారు. పెద్ద మసీదు, ఈద్గాహ్, ఖబరస్తాన్ ఫైళ్లు అందులో చేరాయి. చెరువు గట్టు మీది చిన్న మసీదువి ఇంకా రాలేదు. ఆ వీధి పెద్దల ఇళ్లలో పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, చేతిరాత కాగితాలు ఏవున్నా పారేయకండి. ఆదివారాలు అసర్ నుంచి మగ్రిబ్ దాకా గది తెరిచే ఉంటుంది. నకలు తీసుకుని అసలు మీకు తిరిగి ఇచ్చేస్తాం.