ఎనిమిదో పద్దు



వార్షిక సభలో మాట్లాడమని పిలిచినప్పుడు ఏ విషయం మీద అని అడిగాం. "ఆ కాలు సంగతే చెప్పండి, ఊరంతా అదే అడుగుతోంది" అన్నారు కార్యదర్శి గారు. కాలు మా సొంత విషయం. కానీ దానితో పాటు ఒక జకాత్ మసలా కూడా మా ఇంటికొచ్చింది. అది మీ అందరిదీ. అందుకే ఒప్పుకున్నాం.

మేము అంటే మేమిద్దరం, ఆలుమగలం. మాట్లాడేది ఒకరైనా మాట ఇద్దరిదీ. కాలేజీలో చరిత్ర చెప్పిన మాస్టారు, హైస్కూల్లో సైన్సు చెప్పిన టీచరమ్మ. కర్నూల్లో మమ్మల్ని ఆ పేర్లతోనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అలాగే చెప్పుకుంటాం.

రిటైరయ్యాక 2023 జూలైలో మేము జోర్డాన్ వెళ్ళాం. మాదబా పట్టణం పరిసరాల్లో ఒక పాత దిబ్బ మీద పురావస్తు తవ్వకాల్లో నాలుగు వారాలు స్వచ్ఛంద సేవకులుగా పనిచేయడానికి. "ఈ వయసులో మట్టి మోయడానికి డబ్బు కట్టి మరీ వెళ్ళారా?" అని అడిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అవును, అలాంటి తవ్వకాల్లో తిండికీ బసకూ మనమే కట్టుకోవాలి. మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు తీసుకెళ్ళి, 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అక్కడేం వెతికాడో చెప్పేవారు. నిజాం రాజ్యపు పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ సాహెబ్ కొండాపూర్ దిబ్బను ఎలా తవ్వించారో చెప్పేవారు. ఇంతా చెప్పి, సొంత చేత్తో తాపీ పట్టి ఒక్క పొర గీకింది లేదు. టీచరమ్మకు అసలు ఆసక్తి కుండపెంకుల మీద. పూర్వ జాతులు ఏమయ్యాయో భూమ్మీద తిరిగి చూడమని దివ్య ఖుర్ఆన్ ఒక్కచోట కాదు, పలుచోట్ల చెబుతుంది. మా ప్రయాణానికి మేము చెప్పుకున్న కారణం అదే.

అక్కడి దిబ్బను 'తెల్' అంటారు. మన రైతులు పాటిగడ్డ అంటారే, పొలానికి పాటిమన్ను తోలుకుంటారే, అదే. జనం బతికి, వదిలి, మళ్ళీ వచ్చి బతికిన చోటు. మేము పనిచేసిన దిబ్బలో పైన మమ్లూకుల కాలపు గోడలు, వాటి కింద ఉమయ్యదుల కాలపు ఇల్లు. 749లో వచ్చిన పెద్ద భూకంపం ఆ ప్రాంతంలో ఎన్నో ఊళ్ళను కూల్చింది. ఆ ఇంటి రాళ్ళు కూడా అప్పుడే పడ్డాయేమోనని అక్కడి వాళ్ళ అనుమానం.

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే పని మొదలు. తొమ్మిదింటికి దిబ్బ మీదే రొట్టె, హమ్మస్, టీ. ఎండ ముదిరే లోపు, మధ్యాహ్నానికి పనిముట్లు సర్దేయాలి. నేలను ఐదు మీటర్ల చదరాలుగా గీసి, చదరానికీ చదరానికీ మధ్య మీటరు వెడల్పు గట్టు వదిలి తవ్వుతారు. ఆ గట్టు నిలువు కోతలో మట్టి పొరలు కనబడతాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది అక్కడే తేలుతుంది. 1944 నుంచి 1948 దాకా మన దేశపు పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న మోర్టిమర్ వీలర్ పట్టుబట్టి నేర్పిన పద్ధతి ఇది. ఆయన దగ్గర నేర్చుకున్న కాథ్లీన్ కెన్యన్ 1952 నుంచి 1958 దాకా జెరికోలో ఇలాగే తవ్వింది. శాస్త్రానికి ఆ గట్టే ఆధారం. నడిచే దారి కూడా అదే. చదరం లోతెక్కే కొద్దీ గట్టు ఎండకు ఎండి బీటలు వారుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుల దాకా తూగుతుందని మొదటి రోజే మాకు చెప్పారు. అంచున కూర్చోవద్దని, ఒంటరిగా దిగవద్దని కూడా చెప్పారు.

మూడో వారం, గురువారం. ఉదయం పదిన్నర. పాత టైర్ల రబ్బరుతో చేసిన గంపను అక్కడ గుఫ్ఫా అంటారు. ఖాళీ గుఫ్ఫాతో టీచరమ్మ గట్టు మీద వస్తుంటే కాలి కింద అంచు విరిగింది. ఆవిడ పడింది ఆరడుగుల లోతుకు. తల బాగానే ఉంది, వెన్ను బాగానే ఉంది, అల్‌హమ్దులిల్లాహ్. కుడి పాదం మాత్రం పాత గోడ రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కకు తిరిగిపోయింది. చీలమండ దగ్గర రెండు ఎముకలూ విరిగి కీలు తప్పింది. స్థానిక కూలీలు నిచ్చెన దించి, దాని మీద కంబళి పరిచి ఆవిణ్ణి పైకి తెచ్చారు. ఆ మోసినవాళ్ళలో ఒకబ్బాయికి పదహారేళ్ళు దాటి ఉండవు. దారంతా తలపాగా గుడ్డతో టీచరమ్మ ముఖానికి నీడ పట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరు స్పష్టంగా చెప్పారు. తప్పిన కీలును వెంటనే సరిచేయకపోతే పైనున్న చర్మానికి రక్తం అందక చచ్చుబడుతుంది. కాబట్టి ఈరోజే మత్తిచ్చి కీలు కూర్చోబెట్టాలి. వాపు తగ్గాక, వారానికి, ప్లేటూ స్క్రూలూ వేయాలి. గాయంలో మట్టి పడింది గనుక టెటనస్ ఇంజెక్షన్. ఇక్కడివరకు వైద్యం. తర్వాత కౌంటరు. అక్కడ ఆరు వందల దినార్లు డిపాజిట్ కట్టమన్నారు.

ఇన్సూరెన్సు ఉంది. తవ్వకంలో చేరాలంటే అది తప్పనిసరి. స్వచ్ఛంద సేవకుడు ఉద్యోగి కాడు, కూలీ కాడు. దెబ్బ తగిలితే పనివాడికి యజమాని ఇవ్వాల్సిన పరిహారం ఇతనికి వర్తించదు. పాలసీ ఒక్కటే దిక్కు. మా పాలసీ ముందు మనం కట్టి, బిల్లులు చూపించి తర్వాత తీసుకునే రకం. కొనేటప్పుడే తెలుసు. శారీరక శ్రమలో తగిలే దెబ్బకు వర్తిస్తుందా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకుని మరీ కొన్నాం. పిల్లల్ని విదేశాలకు పంపే తల్లిదండ్రులు ఈ రెండు సంగతులూ గుర్తు పెట్టుకోండి.

మరి డబ్బు? కర్నూలు బ్యాంకులో ఉంది. కార్డు మీద ఒక రోజుకు తీయగలిగినంత తీస్తే సగం కూడా కాలేదు. అప్పుడు మనకు మధ్యాహ్నం మూడు. అబ్బాయికి ఫోన్ చేశాం. విదేశానికి పంపాలంటే ఫారం ఏ2 నింపాలి, ఖాతాదారు సంతకం కావాలి. అన్నీ కుదిరి శుక్రవారం ఇక్కడి నుంచి పంపినా జోర్డాన్‌లో శుక్ర, శనివారాలు బ్యాంకులకు సెలవు. ఆదివారం అక్కడ తెరుస్తారు, ఇక్కడ సెలవు. అంటే సోమవారం. ఆ పాదానికి సోమవారం దాకా గడువు లేదు.

తవ్వకం పెద్దాయన పరుగున వచ్చారు. చేతిలో ఒక సంచి. "ఇది వాడుకోండి, తర్వాత చూద్దాం" అన్నారు. గురువారం కాబట్టి అది కూలీలకు ఆ పూట ఇవ్వాల్సిన వారం కూలి. టీచరమ్మ నొప్పితో పళ్ళు బిగపట్టి కూడా వద్దంది. కూలివాడి కూలి ఎప్పుడివ్వాలో మహాప్రవక్త (సల్లం) ఏమన్నారో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆవిణ్ణి నిచ్చెన మీద మోసుకొచ్చింది కూడా ఆ కూలీలే.

ఆ మేస్త్రీ ఎవరికి చెప్పాడో తెలియదు. జుహర్, అసర్‌ల మధ్య పక్క మస్జిద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. స్థానిక జకాత్ కమిటీ సభ్యుడు. జేబులో రసీదు పుస్తకం, కవరులో డబ్బు. ఆయన ఇంగ్లీషు కొద్దిగా, మాస్టారి అరబ్బీ ఇంకా కొద్దిగా. "ఇది జకాత్ సొమ్ము, తీసుకోండి" అన్నారు. మాకు ఒక్కసారిగా నోట మాట రాలేదు. ప్రతి రంజాన్‌లో నగల తూకం వేసి, పింఛను లెక్క చూసి జకాత్ తీసి, ఈ సొసైటీ కౌంటర్లో రసీదు తీసుకునే మనుషులం. సొంత ఇల్లుంది. "మేము జకాత్ ఇచ్చేవాళ్ళం, తీసుకోకూడదు. అప్పుగా ఇవ్వండి" అన్నాం. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇది అప్పులిచ్చే సొమ్ము కాదు, హక్కుదారుకు ఇచ్చేది, అన్నారు. తర్వాత మంచం వైపు తిరిగి, "హజ్జా, కర్నూల్లో నీకెంత ఉందని నేను అడగలేదు. ఇక్కడ నీ చేతిలో ఎంత ఉంది?" అన్నారు.

తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు ఎనిమిది వర్గాలు. ఫకీర్లు, మిస్కీన్లు, జకాత్ వసూలు సిబ్బంది, మనసులు దగ్గర చేయవలసినవారు, బానిసల విముక్తి, అప్పుల్లో చిక్కినవారు, అల్లాహ్ మార్గం. చివరిది ఇబ్నుస్సబీల్. మన తెలుగు అనువాదాల్లో బాటసారి అంటాం. అరబ్బీ మాటను విడదీస్తే బాట బిడ్డ అని వస్తుంది. ఇంటి దగ్గర ఆస్తి ఉన్నా, దారిలో అది చేతికందక చిక్కుకుపోయినవాడు. తిరిగొచ్చాక ఇక్కడి ఉలమాను అడిగాం. మన హనఫీ ఫిఖ్హ్‌లోనూ అదే మాట. అప్పు పుడితే అది మేలు. పుట్టనప్పుడు అవసరం మేరకు తీసుకోవచ్చు, అంతకు మించి కూడదు. ఇంటికి చేరాక ఆ సొమ్ము తిరిగివ్వాలన్న షరతు లేదు. "కుండపెంకులు ఏరుకోవడానికి పోయినవాళ్ళకు జకాతా?" అని మా బంధువులే ఒకరు ఎగతాళి చేశారు. ఎందుకు బయల్దేరావని బాటసారిని నిలదీసే హక్కు, పాపం తప్ప ఇంకే కారణానికీ, షరీఅత్ ఇవ్వలేదని మా అవగాహన.

టీచరమ్మ కవరు అందుకుంది. తన చేత్తోనే మాస్టారికిచ్చి కౌంటర్లో కట్టమంది. జకాత్ హక్కుదారు యాజమాన్యంలోకి వెళ్ళాలన్న తమ్లీక్ షరతు ఆ మంచం మీదే పూర్తయింది. అసర్ తర్వాత పాదం కూర్చోబెట్టారు. ఎనిమిదో రోజున ప్లేటు వేశారు. చక్రాల కుర్చీలో హైదరాబాదు దిగి, నాలుగు నెలల తర్వాత ఇన్సూరెన్సు సొమ్ము అందుకున్నాం.

అసలు సంగతి ఇప్పుడు. ఫిజియోథెరపీకి టీచరమ్మ మన పెద్దాసుపత్రికి వెళ్ళేది. ఎముకల వార్డులో ఒక లారీ క్లీనరు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, పేరు వింటే మనవాడే. హైవే మీద లారీ బోల్తాపడి తొడ ఎముక విరిగింది. ఫోను పగిలిపోయింది, నంబర్లు నోటికి రావు. ఊళ్ళో తండ్రికి మూడెకరాలుంది. పక్కమంచాల వాళ్ళు తలా కొంత అన్నం పెడుతున్నారు. సాయం కోసం మన సొసైటీ ఫారం తెప్పించి చూశాం. రేషన్ కార్డు నకలు కావాలి. మొహల్లా మస్జిద్ ముతవల్లీ సిఫారసు ఉత్తరం కావాలి. నెలాఖరు సమావేశంలో మంజూరు. ఈ ఫారం వితంతువుకు సరిపోతుంది, విద్యార్థికి సరిపోతుంది. అప్పులవాడికీ ఎలాగో సరిపోతుంది. దారిన పోయేవాడికి మొహల్లా ఎక్కడిది? నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది. అయినా మన ఖాతా పుస్తకంలో ఆ ఎనిమిదో వర్గానికి ఒక్క పేజీ లేదు.

కాబట్టి దాతలను అడుగుతున్నాం. ఈ ఏడు వసూలయ్యే జకాత్‌లో కొంత భాగం బాటసారి పద్దుగా విడిగా పెట్టడానికి మీ సమ్మతి ఇవ్వండి. ఎంతన్నది కార్యవర్గం తేల్చుకోవచ్చు, దాని మీద మాకు పట్టింపు లేదు. పట్టింపు అంతా వేళ మీదే. ముగ్గురు సభ్యులు ఫోనులో మాట్లాడుకుని అదే రోజు ఇవ్వగలగాలి. ఇంటి నుంచి డబ్బు వచ్చేదాకా ఖర్చు, లేదా ఇంటికి చేరే టికెట్, అంతకు మించి అక్కరలేదు. రేషన్ కార్డు అడగొద్దు. స్పృహలో ఉన్న రోగి చేతికే ఇచ్చి, లేదా అతని తరఫున ఆసుపత్రికి కట్టడానికి అతని అనుమతి సంతకం తీసుకుని, రసీదు రాయండి. ఆ వార్డులో మనవాళ్ళు కానివాళ్ళూ ఉంటారు. వాళ్ళకు జకాత్ పద్దు నుంచి కాకుండా సదఖా పద్దు నుంచి ఇవ్వచ్చు. ఆ వెసులుబాటు మనకు ఎప్పుడూ ఉంది.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల సంగతి కూడా ఆలోచించండి. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు అక్కడున్నారు.

ఆరు వందల దినార్లకు సమానమైన రూపాయలు సదఖాగా తెచ్చాం. ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి పంపమంటారా అంటే, ఆ లెక్క ఇక్కడ మూసేశాం, మీ ఊళ్ళో చూసుకోండి అన్నారు. మొదటి రసీదు దీనికి రాయండి. ఆసుపత్రికి వారం వారం వెళ్ళి చూసేవాళ్ళ జాబితా వేస్తే మా ఇద్దరి పేర్లూ రాసుకోండి. పై అంతస్తు వార్డులు మాత్రం మాస్టారికి వేయండి, మెట్లెక్కడం టీచరమ్మకు ఇంకా కష్టంగానే ఉంది.