పాత డీజిల్ కారు కొనేవారు తెలుసుకోవలసిన మసి ఫిల్టరు సంగతి

(సభ్యుల విజ్ఞాన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ తరగతులలో జీతాలు, పింఛన్లు, బదిలీలు, డ్యూటీ గంటలు గూర్చి మాట్లాడుకోవడం మనకు పరిపాటి. వాటితో పోల్చితే నేటి విషయం చిన్నదిగా తోచవచ్చు. కాని పరపతి సంఘంలో అప్పు తీసుకొని, పిల్లల చదువుకు దాచిన సొమ్ము కొంత కలిపి పాత డీజిల్ కారు కొన్న ఉద్యోగికి, కొన్న మూడవ నెలలోనే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి, వర్క్‌షాపువారు "ఫిల్టరు మొత్తం మార్చాలి" అని అంకె చెప్పినప్పుడు, అది చిన్న విషయం కాదు. ఆ అంకె అనేక నెలల మిగులును మింగివేయగలదు. కనుక ఈ ఫిల్టరు ఏమిటి, ఎందుకు పూడుతుంది, మనం చేయవలసినదేమిటి అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకొందాము.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. అంతకు ముందున్న స్టేజ్-4 ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు సూక్ష్మకణాలను వదలవచ్చును. కొత్త ప్రమాణం దానిని 4.5 మిల్లీగ్రాములకు తగ్గించినది. ఇంత తగ్గింపు సాధించడానికి సైలెన్సరు మార్గంలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టరు, అనగా డీపీఎఫ్, అమర్చారు. ఆ కార్లే ఇప్పుడు చేతులు మారుతూ సెకండ్‌హ్యాండ్ బజారులోకి వస్తున్నవి. మీరు చూస్తున్న బండి ఏ ప్రమాణానిదో ఆర్.సి.లోనే వ్రాసి ఉంటుంది.

ఈ ఫిల్టరు తేనెపట్టు వలె సన్నని గొట్టాలతో కూడిన పింగాణీ దిమ్మ. ప్రతి గొట్టానికి ఒక కొన మూసి ఉంటుంది. పక్క గొట్టానికి రెండవ కొన మూసి ఉంటుంది. పొగ సన్నని గోడగుండా దూరి పోవలసిందే. గాలి పోతుంది, మసి గోడకు అంటుకొంటుంది. అంటుకొన్న మసిని ఎప్పటికప్పుడు కాల్చివేయాలి. హైవే మీద నిలకడగా నడిచినప్పుడు పొగ వేడికే కొంత మసి కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజను కంప్యూటరు అదనంగా కొంత డీజిల్ చిమ్మించి, ఫిల్టరు వేడిని సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడుకు పెంచి మసిని కాలుస్తుంది. దీనినే రీజనరేషన్ అంటారు. ఇది సాధారణంగా పది నుండి ఇరవై నిమిషాల పని.

ఆవిరి ఇంజను రోజులు ఎరిగిన సోదరులకు ఒక పోలిక చెబుతాను. నిప్పుగూటిలో బొగ్గు మండుతుంది, బూడిద మండదు. దానిని యాష్‌పాన్ నుండి లాగి పారవేయవలసిందే. ఇక్కడ కూడా మసి వేరు, బూడిద వేరు. మసి డీజిల్ నుండి వస్తుంది, కాలిపోతుంది. బూడిద ముఖ్యంగా ఇంజను ఆయిలులోని రసాయనాల నుండి వస్తుంది, ఎంత వేడికీ కాలదు. మసితో పూడిన ఫిల్టరును దారికి తేవచ్చు. బూడిదతో నిండినదానిని ఊడదీసి శుభ్రపరచాలి, లేదా మార్చాలి. వర్క్‌షాపులో మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: "ఇది మసియా, బూడిదయా?"

మరి ఫిల్టరు ఎందుకు పూడుతుంది? మొదటి కారణం చిన్న ప్రయాణాలు. క్వార్టర్సు నుండి స్టేషనుకు మూడు కిలోమీటర్లు, సబ్ పోస్టాఫీసుకు రెండు కిలోమీటర్లు. ఇంజను వేడెక్కక ముందే బండి ఆగిపోతుంది. మొదలైన రీజనరేషన్ మధ్యలో తెగిపోతుంది. ఆర్.ఎం.ఎస్. సోదరులకు ఇది వెంటనే బోధపడుతుంది: సార్టింగు పూర్తి కాకముందే బండి గమ్యం చేరితే సంచులు మిగిలిపోతాయి, మరునాటి సంచులు వాటిపై పడతాయి. పైగా కాలని డీజిల్ కొంత ఆయిలులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరిగితే, అది శుభసూచన కాదు, ప్రమాద సూచన.

రెండవ కారణం ఇతర భాగాల లోపం. ఇంజెక్టరు కారడం, ఈ.జి.ఆర్. వాల్వు ఇరుక్కోవడం, టర్బో సీలు నుండి ఆయిలు పోవడం జరిగితే మసి అధికమవుతుంది. అప్పుడు కొత్త ఫిల్టరు వేసినా కొద్ది నెలలలో అదే కథ. మూడవది తప్పుడు ఆయిలు. డీపీఎఫ్ ఉన్న ఇంజనుకు బూడిద తక్కువ వదిలే ఆయిలు వాడాలి. మాన్యువల్‌లో ఏ గ్రేడు వ్రాసి ఉంటే అదే పోయాలి.

మన సభ్యుడొకరికి ఫిల్టరు మార్చక తప్పదని ఒక వర్క్‌షాపువారు చెప్పారు. ఆయన రెండవచోట చూపించగా, ఫిల్టరుకు ముందు వెనుకల ఒత్తిడి కొలిచే సెన్సరు రబ్బరు గొట్టం పగిలినట్లు తేలింది. గొట్టం మార్చగానే దీపం ఆరిపోయింది. అందరి విషయంలోను ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. కారణం తెలియనిదే పెద్ద ఖర్చుకు ఒప్పుకోవద్దని మాత్రమే చెబుతున్నాను.

కొనడానికి ముందు చేయవలసినవి వినండి. తాళం తిప్పినప్పుడు ఇంజను హెచ్చరిక దీపం ఒకసారి వెలిగి, ఇంజను నడవగానే ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దానిని అణచివేసి ఉండవచ్చు. సైలెన్సరు కొసలో వేలు పెట్టి చూడండి. ఫిల్టరు సక్రమంగా ఉన్న బండిలో అది దాదాపు శుభ్రంగా ఉంటుంది. నల్లని మసి దట్టంగా అంటితే ఫిల్టరు పగిలి ఉండాలి, లేదా పీకివేసి ఉండాలి. నమ్మకమైన మెకానిక్‌ను స్కానరుతో పిలిపించి మసి ఎంత, బూడిద ఎంత, చివరి రీజనరేషన్ ఎన్ని కిలోమీటర్ల క్రితం జరిగినది చూపించమనండి. సర్వీసు రికార్డులో ఏ ఆయిలు పోశారో చదవండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నదని సంతృప్తి పడవద్దు. ఆ పరీక్ష పొగ నలుపును కొలుస్తుందే గాని సూక్ష్మకణాలను లెక్కపెట్టదు. డీలరు వద్ద కొంటే ఫిల్టరు గూర్చి హామీ కాగితం మీద తీసుకోండి. వివాదం వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద, కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. అప్పుడు నోటిమాట కంటె కాగితమే సాక్ష్యం.

కొన్న తరువాత దీపం వెలిగితే భయపడవద్దు, ఉపేక్షించనూ వద్దు. ట్యాంకులో తగినంత డీజిల్ ఉంచుకొని, మాన్యువల్ చెప్పినట్లు, హైవే మీద గంటకు 60 కిలోమీటర్లకు పైగా ఇరవై నిమిషాలు నిలకడగా నడపండి. మధ్యలో ఇంజను ఆపవద్దు. ఆ వెంటనే ఎండుగడ్డి మీద బండి నిలపవద్దు. క్రింది భాగం మిక్కిలి వేడిగా ఉంటుంది. దీపం ఆరకపోయినా, ఎర్ర దీపం వెలిగినా, బండి లాగుడు తగ్గినా ఇక నడపక వర్క్‌షాపుకు చేర్చండి. అక్కడ స్కానరుతో బలవంతపు రీజనరేషన్ చేయగలరు; అయితే ముందు అసలు కారణాన్ని సరిచేసిన తరువాతనే.

చివరగా ఒక ప్రలోభం. "ఫిల్టరు పీకేసి, కంప్యూటరులో ప్రోగ్రాం మారుస్తాము, ఇక మీకు దిగులుండదు" అనేవారు ప్రతి పట్టణంలో దొరుకుతారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182-ఎ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు, లేక మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేక రెండూ పడవచ్చును. కాని నేను చట్టం కంటె పెద్ద మాట చెప్పదలచాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ సంస్థ పరిశీలించిన ఆధారాలలో అమెరికా రైల్వే కార్మికులపై జరిగిన అధ్యయనాలు కూడా ఉన్నవి. డీజిల్ షెడ్డులో పొగ పీల్చిన మన సోదరులకు దీని అర్థం వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. వీధివీధి తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ కూడా ఈ పొగనే పీలుస్తాడు. మనం పీకివేసిన ఫిల్టరు మసి చివరకు చేరేది మనవంటివారి ఊపిరితిత్తులకే.

కనుక నా సలహా సూటిగా చెబుతాను. రోజూ ఐదు కిలోమీటర్లకు మించి తిరగనివారు పాత డీజిల్ కారు చవకగా వచ్చినా పెట్రోలు బండినే చూసుకోండి. దూరప్రయాణాలు తరచుగా చేసేవారు డీజిల్ కొనవచ్చు. కాని స్కానరు చూపిన తరువాతనే బయానా ఇవ్వండి. ప్రతి బ్రాంచిలోను బండ్ల సంగతి తెలిసిన సభ్యులు ఒకరిద్దరు ఉంటారు. కొనబోయే ముందు వారిని వెంట తీసుకొని వెళ్లండి. ఒంటరిగా వెళ్లినవాడిని మోసగించడం తేలిక. నలుగురితో వెళ్లినవాడిని మోసగించడం కష్టం. ఈ పాఠం మనకు కొత్తది కాదు.