పెద్దలు తమ మరపును గూర్చి చెప్పునపుడు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల చదువును గూర్చి మాటలాడవలసిన ఈ వేదికమీద ముసలివారి మరపును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని తమిళదేశమున ఇన్ని తరములుగా మన యిండ్లలో తెలుగు నిలిచినదన్న, అది బడివలన కంటె అవ్వల నోట, తాతల నోట నిలిచినది. ఆ నోట మాట తడబడుచున్నదని మొదట కనిపెట్టువారు వారే, చెప్పువారును వారే. మనమే వినము.

మా బంధువులలో ఒక పెద్దమ్మగారుండిరి. పండుగల తిథులు, ఎవరింట ఏ యేట పెండ్లి జరిగినది, అన్నియు ఆమెకు కంఠస్థములు. ఒకనాడు వంటింటిలో నిలిచి, "నాకేదో అవుతున్నది నాయనా, పులుసులో ఉప్పు వేసినానో లేదో తెలియడం లేదు" అనిరి. మేమందరము నవ్వితిమి. "ఈ వయసుకు అందరికీ ఇంతే పెద్దమ్మా" అంటిమి. ఆమె ఆ మాట మరల ఎత్తలేదు. కొంగున చీటీలు ముడివేసికొనుట మాత్రము మొదలుపెట్టిరి. రెండేండ్లకు కోవెలనుండి ఇంటికి వచ్చుచు దారి తప్పిరి. అప్పుడుగాని ఆ చీటీల సంగతి మాకు తట్టలేదు.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున అలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని పరీక్షించెను. తన పేరు వ్రాయజాలక, తన్ను తానే పోగొట్టుకొంటినని ఆమె చెప్పెను. వ్యాధి అంత ముదిరిన పిదపను ఆమెకు ఆ యెరుక కలదు. తొలిదినములలో ఎంత యుండునో ఊహింపుడు.

తన జ్ఞాపకము మునుపటివలె లేదని మనిషి తానే గుర్తించు స్థితికి 2014లో పలుదేశముల పరిశోధకులు కలసి నిర్వచన మేర్పరచిరి. ఈ దశలో వైద్యుని పరీక్షలలో ఫలితము సరిగానే వచ్చును. తేడా ఆ మనిషికే తెలియును. అల్జీమర్స్ వ్యాధిలో మెదడునందలి మార్పులు బయటి లక్షణములకు ఎన్నో యేండ్ల ముందే ఆరంభమగును గనుక, ఈ మొర కొందరియెడ తొలిసూచన కావచ్చును. అందరియెడ కాదు. కళ్లజోడు వెదకికొనువారందరు రోగులైనచో ఈ సభలో మిగులువారు కొద్దిమందియే! ఇట్లు చెప్పుకొనువారిలో పెక్కుమందికి ఆ వ్యాధి రాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, నిద్రలేమి, దిగులు, కొన్ని మందులు కూడ మరపును కలిగించును. వీనిలో పెక్కింటిని సరిచేయవచ్చును. అరువదేండ్లు దాటినవారు, ఇటీవలి నాలుగైదేండ్లలోనే ఈ మార్పు వచ్చినదని కలతపడుచున్నచో, ఇంటివారికిని అట్లే తోచుచున్నచో, వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు జాగు చేయరాదు.

ఇక మన రెండు భాషల సంగతి. హైదరాబాదులోని నిమ్సు వైద్యులు 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన విషయము మనకు సంతోషకరమే: ఒకటికి మించి భాషలు మాటలాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదట. చదువురానివారియందును ఈ తేడా కనబడినది. అయినను ఆలస్యమగుట వేరు, రాకుండుట వేరు. పైగా మన యిండ్లలో ఒక చిక్కు కలదు. అవ్వకు తమిళమాట తోచకున్న "తెలుగావిడ గదా" అని ఇరుగుపొరుగువారు, తెలుగుమాట తోచకున్న "అరవము కలసిపోయినదిలే" అని మనము సరిపెట్టుకొందుము. ఆసుపత్రిలో ప్రశ్నలు తమిళమున అడిగినచో మంచి జ్ఞాపకము గలవారును తడబడుదురు. రోగము లేనిచోట ఉన్నట్లును కనబడవచ్చును. కావున ఇంటిభాష తెలుగని వైద్యునికి ముందే చెప్పవలెను. తెలుగున పరీక్షింపగలవారిని అడుగవలెను.

మా సంఘ సభ్యులలో రెండు భాషలు చక్కగా వచ్చినవారు నలుగురు పెద్దలవెంట ఆసుపత్రికి వచ్చుటకు ఒప్పుకొనిరి. కావలసినవారు సభానంతరము కార్యాలయమున పేరు చెప్పవచ్చును. వచ్చునపుడు, అవ్వ మొట్టమొదట ఆ మాట ఎప్పుడనినదో, ఏమనినదో ఒక కాగితముమీద వ్రాసి తెండు.