ఒకరినొకరు అడుగుకొను చిన్న కూటములు

(శతవార్షికోత్సవ సందర్భమున సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము చిన్న కూటములు. ఈ మాట వినగానే మనలో చాలామందికి బుధవారపు గృహ ప్రార్థన జ్ఞాపకము వస్తుంది. చాపలు పరచుట, రెండు కీర్తనలు, పాస్టరుగారి వాక్యము, ఇంటివారి కొరకు ప్రార్థన, ఆ తరువాత టీ బిస్కెట్లు, కాస్త కలిగినవారైతే ఉప్మా. దానిని నేను తక్కువ చేయను. ఆ ప్రార్థనలే లేకపోతే మన పేటలలో ఎన్నో ఇండ్ల గడపను గురువులు తొక్కియుండరు. అయితే గృహ ప్రార్థనలో ఒకరు మాట్లాడుతారు, ఇరవైమంది వింటారు. విన్న వాక్యమును ఏమి చేశారని తరువాతి బుధవారము ఎవరూ అడుగరు. నేను చెప్పబోవు కూటములో అడుగుతారు. తేడా అంతా అక్కడే ఉన్నది.

యాకోబు పత్రిక 5వ అధ్యాయము 16వ వచనము మీకందరికి తెలుసును. ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకొనుట, ఒకరి కొరకు ఒకరు ప్రార్థించుట, స్వస్థత పొందుట, ఈ మూడూ ఒక్క వరుసలో ఉన్నవి. మనము మొదటిదానిని దాటివేసి, రెండవదానిని చేసి, మూడవదాని కొరకు ఎదురుచూస్తున్నాము. ఉపవాస కూటములు పెట్టినను, రాత్రి ప్రార్థనలు పెట్టినను ఆ దాటివేసినది మాత్రము అలాగే ఉండిపోయింది.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టినది కాదు. పౌలు చెప్పినది నిజమా కాదా అని ప్రతిదినము లేఖనములు వెదకిన బెరయవారు మనకు కార్యముల గ్రంథము 17వ అధ్యాయములో కనబడుతారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు పట్టణమున స్పేనర్ అను లూథరన్ గురువు 1670లో కొందరిని తన ఇంటనే కూర్చి వాక్యమును కలిసి ఆలోచించుట ప్రారంభించారు. 1727లో హెర్న్‌హూట్ గ్రామమున మొరేవియన్ విశ్వాసులు కొద్దిమంది చొప్పున బృందములై తమ ఆత్మల స్థితిని ఒకరికొకరు చెప్పుకొన్నారు. మొరేవియనుల సహవాసము వలన మేలు పొందిన జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న, క్రిస్మసు దినముననే, బ్యాండు అను చిన్న కూటములకు నియమములు వ్రాశారు. యాకోబు చెప్పిన ఆ మాటను నెరవేర్చుటకే మేము కూడుతున్నామని అందులో మొదటనే పెట్టారు. వారమునకొకసారి కూడవలెను. నియమించిన గంటకే రావలెను (మన సంఘములకు అన్నిటికంటె కష్టమైన నియమము ఇదే అనుకొంటాను). కడచిన కూటము మొదలుకొని తలంపులో, మాటలో, క్రియలో తప్పినదానిని, ఎదురైన శోధనను దాపరికము లేక చెప్పవలెను. ఇంకొక మాట గమనించండి. ముందుగా ఒకరు తన స్థితిని తాను చెప్పుకొని, ఆ తరువాతనే మిగిలినవారిని అడుగవలెను. మన దగ్గర అడిగేవారికి కొదువ లేదు. ముందు తన సంగతి చెప్పి అడిగేవారు అరుదు.

బ్యాండు కోరినవారికి మాత్రమే. అందరికీ ఉండవలసిన క్లాసు కూటము వేరొక విధముగా పుట్టినది. దాని కథ మన కమిటీ సభ్యులందరూ తెలిసికొనదగినది, ఏలయనగా అది అప్పు గురించి పెట్టిన మీటింగులో పుట్టింది.

బ్రిస్టల్ పట్టణములో న్యూ రూమ్ అను కూటముల మందిరము కట్టారు. దానిమీద అప్పు మిగిలింది. అది తీర్చు మార్గము చూచుటకు 1742 ఫిబ్రవరి 15న కొందరు కూడారు. సభ్యులందరూ వారమునకొక పెన్నీ ఇచ్చిన తీరిపోవునని కెప్టెన్ ఫోయ్ అను ఆయన అన్నారు. పెన్నీ అనగా ఆనాటి పౌనులో 240వ వంతు. అయినను మనలో చాలామంది బీదలు, అంత ఇచ్చుకొనలేరని మరియొకరు అడ్డు చెప్పారు. అప్పుడు ఆ కెప్టెనుగారు, అతి బీదలైన పదకొండుమందిని నాకు అప్పగించండి, ప్రతివారము వారి ఇండ్లకు వెళ్లి అడుగుతాను, వారు ఇచ్చుకొనలేనిది నేనే వేసికొంటాను, తక్కినవారును ఆలాగే చేయవచ్చును అన్నారు. మన పాస్టరేటు కమిటీలో ఎవరైన ఇట్టి మాట అన్నయెడల మినిట్స్ పుస్తకములో ఎర్ర సిరాతో వ్రాసి పెట్టవలసినదే!

సరే, అలాగే పదకొండుమందిని ఒక్కొక్కరు తీసికొన్నారు. పెన్నీ కొరకు తలుపు తట్టినవారికి లోపల ఉన్నది కనబడింది. ఒక ఇంట భార్యాభర్తల కలహము, ఒక ఇంట త్రాగుడు. ఆ సంగతులు వెస్లీకి తెలిసినప్పుడు, చాలకాలముగా మేము వెదకుచున్నది ఇదే గదా అని ఆయనకు తోచింది. చందా వసూలు చేయువారే ఆత్మల క్షేమమును విచారించు క్లాసు లీడర్లయ్యారు. అదే సంవత్సరము లండనులోను ఈ పద్ధతి వచ్చింది. మొదట ఇంటింటికి తిరిగారు. అయితే దానికి కాలము చాలలేదు. పనివారిగా ఉన్నవారి ఇండ్లలో యజమానులు ఒప్పుకొనలేదు. ఇద్దరికి మాట తేడా వచ్చినప్పుడు ఎదురెదురుగా కూర్చుండబెట్టనిదే తీరలేదు. కనుక పన్నెండుగురు ఒకచోట కూడుట ప్రారంభమైనది. లీడర్లలో స్త్రీలును చాలామంది ఉన్నారు.

నేను ఈ కథ చెప్పుటకు కారణమున్నది. మొదట ఆయన వారి భారము మోశారు, ఆ తరువాత వారిని అడిగారు. గలతీ పత్రిక 6వ అధ్యాయములో తప్పిదములో చిక్కిన సహోదరుని మంచి దారికి తీసికొనిరమ్మన్న వెంటనే భారములు భరించుమన్న మాట ఉన్నది. మన సంఘములలో పెద్దలు అడుగుట లేదని కాదు. పెండ్లి సర్టిఫికెట్టు కావలసినప్పుడు, సమాధుల తోటలో స్థలము కావలసినప్పుడు, చందా బాకీ పడినప్పుడు బాగుగానే అడుగుతాము. బాకీ ఉన్నవాడు ఎందుకు ఇవ్వలేకపోయాడని లోపలికి వెళ్లి చూడము. అందుకే మన ప్రశ్న అతనికి ప్రేమగా వినబడదు.

మన తెలుగు సంఘములలో దీనికి పోలినది లేకపోలేదు. పిడికెడు బియ్యము సంగతి పాతవారికి తెలుసును. తల్లి పూట పూటకు ఎసట్లో బియ్యము పోయకముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. వారమునకొకసారి స్త్రీలు సంచి పట్టుకొని ఆ బియ్యము ప్రోగుచేసేవారు. ఏ ఇంట కుండ నిండలేదో, ఏ ఇంట పొయ్యి రాజలేదో వారికి తెలిసేది. ఎవరికిని చెప్పకుండ ఆ సంచిలోనుండే రెండు సోలలు ఆ ఇంట ఉంచి వచ్చిన తల్లులున్నారు. బ్రిస్టల్ పెన్నీకి, ఈ పిడికెడుకు నాకు పెద్ద తేడా కనబడదు. ఇప్పుడు కవరు వచ్చింది, ఫోనులో పంపుట వచ్చింది. లెక్క చక్కగా ఉంటుంది, తలుపు మాత్రము ఎవరూ తట్టరు.

ఇక ఇటువంటి కూటము మన దగ్గర ఎలాగు జరుగవలెను? ఆరుగురు మొదలు పన్నెండుగురు చాలును. ఒకే వీధివారైతే మంచిది. మనసు విప్పి చెప్పుకొను కూటము స్త్రీలకు వేరుగా, పురుషులకు వేరుగా ఉండుట మేలు. ఒక్క కుటుంబపువారే, లేక ఒక్క కులపువారే చేరిన కూటమును నేను క్రైస్తవ కూటమని ఒప్పుకొనను. అది బంధువుల పంచాయతీ. ప్రసంగము ఉండకూడదు. ఒక చిన్న భాగము, పది పన్నెండు వచనములు, మార్కు సువార్త వంటి ఒక పుస్తకమును వరుసగా తీసికొని రెండుసార్లు నిదానముగా చదువవలెను. చదువురాని అమ్మ ఉన్నదా, ఆమె విని తన మాటలలో తిరిగి చెప్పవలెను. డోర్నకల్ ప్రాంతములో, 1912లో అజరయ్యగారు మొదటి బిషప్పుగా వచ్చిన కాలమున, అక్షరము రానివారు కథలు, కీర్తనలు, పది ఆజ్ఞలు నోటనే నేర్చుకొని బాప్తిస్మమునకు సిద్ధపడ్డారు. వారి మనుమలమే మనము. చదువురాదని ఆమెను మూలకు కూర్చుండబెట్టు హక్కు మనకు లేదు.

చదివిన తరువాత, ఈ మాట ఈ వారము నన్నేమి చేయుమంటున్నది అని ఒక్కొక్కరు ఒక్కటే సంగతి చెప్పవలెను. పెద్ద సంగతులు వద్దు. అత్తగారితో మాట్లాడుతాను, తాకట్టు పెట్టిన తమ్ముని పాసుపుస్తకము విడిపించి ఇస్తాను, ఇటువంటివి. తరువాతి వారము మొదటి మాట అదే కావలెను: అన్నా, తమ్ముని పాసుపుస్తకము ఇచ్చావా? ఇవ్వలేదు అన్నచో గద్దించనక్కరలేదు, ఎందుకు అని అడిగి, డబ్బు చాలక అయితే ఏమి చేయగలమో చూడవలెను. ఆ ప్రశ్న వస్తుందని తెలిసినవాడు వారమంతా ఆ వాక్యమును మరువలేడు.

ఉదయమే వాట్సాపులో వాక్యము పంపుతున్నాము గదా, అందరును ఆమెన్ పెడుతున్నారు గదా అని ఒక సహోదరుడు నాతో అన్నారు. సంతోషమే. అయితే రాత్రి త్రాగి వచ్చినవాడును ఉదయము ఆమెన్ పెట్టగలడు. గోదావరి జిల్లాలనుండి, కడపనుండి ఎందరో తల్లులు కువైటుకు ఇంటిపనికి వెళ్లి నెల నెల డబ్బు పంపుతున్నారు. ఆ డబ్బు పిల్లల ఫీజుకు వెళ్లినదా, మరి దేనికైన వెళ్లినదా అని ఆ భర్తను ప్రేమతో అడుగగలవారు ఎవరు? గురువుగారు ఆరు గ్రామములు చూచుకొనవలెను. అక్కడనుండి ఆమె అడిగిన ఫోను పెట్టివేస్తాడు. అతనితో కలిసి వాక్యము చదివి, అతని కష్టము విని, అతనికి జ్వరము వచ్చినప్పుడు గంజి తెచ్చిన నలుగురే అడుగగలరు.

దీనిలో అపాయములు లేకపోలేదు. కూటములో చెప్పినది మరునాడు కుళాయి దగ్గర వినబడినయెడల ఆ కూటము ఆనాడే చచ్చినది. దానిని మరల లేపుట లాజరును లేపినంత పని. కనుక చెప్పినది బయటికి పోనీయమని అందరును ముందుగానే మాట ఇచ్చికొనవలెను. అయితే రహస్యమునకును హద్దు ఉన్నది. స్త్రీని కొట్టుట, పిల్లలను చెరుచుట రహస్యముగా ఉంచదగిన సంగతులు కావు. పిల్లలమీద లైంగిక నేరము జరిగినదని తెలిసి చెప్పకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తానే ఒక నేరము. ప్రార్థన చేస్తున్నామని చెప్పి పోలీసుకు చెప్పకుండుట భక్తి కాదు. గృహహింసకు లోనైన సహోదరికి 2005 చట్టము రక్షణ ఇచ్చింది. ఆమెను సర్దుకొమ్మని ఇంటికి పంపువారు కూటమును తప్పు పనికి వాడుతున్నారు.

ఈ విషయములో వెస్లీ మొగమాటపడలేదు. 1743 మార్చిలో న్యూకాసిల్ క్లాసులను ఆయన విచారించినప్పుడు తొలగింపబడినవారు 64 మంది అని లెక్క వ్రాసికొన్నారు. త్రాగుడుకు 17 మంది, సారా అమ్మినందుకు ఇద్దరు, జగడములకు ముగ్గురు, అబద్ధములకు ముగ్గురు, సోమరితనమునకు ఒకరు, భార్యను కొట్టినందుకు ఒకరు. అన్నిటికంటె ఎక్కువగా 29 మంది నిర్లక్ష్యముగా, తేలికగా నడచినందుకు. ఈ చివరి సంఖ్య చదివినప్పుడు అది మరీ కఠినమని నాకు తోస్తుంది. ఆ కొలతతో కొలిచిన మన రిజిష్టర్లలో ఎవరు మిగులుతారు? కాని భార్యను కొట్టిన ఆ ఒక్కని సంగతి ఇంటి గోడలు దాటి కూటమువరకు వచ్చినదంటే, ఎవరో అడిగారు, ఎవరో ధైర్యముగా చెప్పారు. అది 280 సంవత్సరముల క్రిందటి మాట.

తరువాత తరువాత, 19వ శతాబ్దములో, ఆ దేశమునందే క్లాసు కూటములు పలుచబడినవి. మూడు నెలలకొకసారి ఇచ్చు టికెట్టు మిగిలింది, కూటము పోయింది. వెస్లియన్ మిషను పనిచేసిన హైదరాబాదు, మెదకు ప్రాంతముల సంఘములు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. వెస్లీయో 1791లో మరణించువరకు ఆంగ్లికన్ గురువుగానే ఉన్నారు. కనుక ఇది మావారిది, అది మీవారిది అను మాట ఇక్కడ ఎవరికిని చెల్లదు.

చివరిగా, నేను ఎక్కడ మాట్లాడినను ఒక ప్రశ్న వస్తుంది. మమ్మును మీరు అడుగమంటున్నారు, మరి పాస్టరుగారిని ఎవరు అడుగవలెను? గురువులు ఇక్కడే ఉన్నారు, వారియెదుటనే జవాబు చెబుతాను. సంఘ సభ్యులు గురువును నిలదీయు కూటము పెట్టిన అది వారము తిరుగకముందే పార్టీ అవుతుంది. గురువును గురువులే అడుగవలెను. వెస్లీ 1744 నుండి జరిపిన కాన్ఫరెన్సులలో బోధకులు తమ నడతను గూర్చి ఒకరియెదుట ఒకరు విచారణకు నిలిచేవారు. మన గురువులు నెలకొకసారి ఎట్లును ఒకచోట కూడుతారు, లెక్కలు అప్పగిస్తారు, సర్క్యులర్లు చదువుతారు. లెక్కల పుస్తకములు తెరవకముందు ముగ్గురు నలుగురు చొప్పున ఒక గంట వేరుగా కూర్చుండవచ్చును. అన్నా, ఈ నెల నీవు నీ కొరకు వాక్యము చదివావా, ప్రసంగము కొరకు కాదు? ఇంటిలో అమ్మగారు, పిల్లలు ఎలాగున్నారు? అప్పు ఏమైన ఉన్నదా? మొదట డీను అయ్యగారే తన సంగతి చెప్పి ప్రారంభించవలెను. ఆ గంటకు రానుపోను చార్జీలు ఎవరు భరించవలెనో కమిటీవారు ఈ మధ్యాహ్నమే తీర్మానము చేయగలరు, అజెండాలో చోటు ఉన్నదని సెక్రటరీగారు నాకు చెప్పారు.