హమాలీ కూతురు – ఆడిటర్ ఆఫీసు

(సాంఘిక సంక్షేమ హాస్టల్ డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి మాట్లాడమన్నారు. ‘విద్యే ఆయుధం’ అని ప్రతి సభలోనూ అంటూనే ఉన్నాం. ఆ ఆయుధం పట్టుకుని వెళ్లిన ఒక పిల్లకి ఏమైందో చెప్తాను. పేరు చెప్పను. ఆమె ఇంకా ఆ లోకంలోనే బతకాలి.

వాళ్ల నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. టిక్కీలు మోసి మోసి మెడ వెనక కాయ కట్టిన మనిషి. ఆయన చొక్కా విడిస్తే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. ఆ ఇంటి పిల్ల బి.కాం. ప్యాసై, సీఏ చదువుతానంది. నాకు దాని సంగతి తెలీదు. నేను సోషల్ మాస్టార్ని, మా వంశంలో మొదటి డిగ్రీ నాదే. లెక్కలంటే మా ఇంట్లో తెలిసింది షావుకారు చిట్టాలో మా తాత పేరు, పక్కన ఆయన వేలిముద్ర. ఎన్నేళ్లు తీర్చినా ఆ పద్దు తెగలేదు. ఏం రాసుకున్నాడో చదవగలిగినవాళ్లు మా గూడెంలో ఒక్కరూ లేరు. 1984లో కరణాల పదవులు పోయాయి గానీ, పుస్తకం ఎవరి ఒళ్లో ఉండాలో అనే సంగతి అలాగే ఉండిపోయింది.

అందుకే చదవమన్నాను. అప్పోసప్పో చేసి కట్టారు. ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ గట్టెక్కింది. ఒక్కో పేపర్లో నూటికి 40, మొత్తం మీద 50 రావాలి. పేపరు దిద్దేవాడికి కులం కనపడదు కాబట్టి అక్కడిదాకా బాగానే నడిచింది.

ఫైనల్ రాయాలంటే ముందు ఒక ఆడిటర్ దగ్గర పని నేర్చుకోవాలి. ఆర్టికల్‌షిప్ అంటారు. మూడేళ్లుండేది, 2023 జులై నుంచి రెండేళ్లు చేశారు. దీనికి ర్యాంకు లేదు, రోస్టర్ లేదు. ఆడిటర్ గారు రమ్మంటే రావాలి, అంతే. పదకొండు ఆఫీసుల మెట్లెక్కింది. మార్కులడిగినవాళ్లు తక్కువ. ఎవరు పంపారమ్మా, నాన్నగారేం చేస్తారు, ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ? ఈ ‘ఊళ్లో ఎక్కడ’ ఏమిటో మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఆమెతో చదివినవాళ్లకి బాబాయో, నాన్న కొట్టు లెక్కలు చూసే ఆడిటరో ఉన్నాడు. ఒక్క ఫోనుతో అయిపోయింది. కొందరైతే ఉత్తుత్తిగా పేరు రాయించుకుని ఇంట్లో కూచుని పరీక్షకి చదువుకుంటారట. నిబంధన ఒప్పుకోదు. అయినా జరుగుతోంది. ప్రతిభ గురించి మనకి పాఠాలు చెప్పేది వీళ్లే!

బాబాసాహెబ్ అంటే మనం రాజ్యాంగం దగ్గరే ఆగిపోతాం. రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం అచ్చువేసినవాడాయన. 1925 నుంచి 1928 దాకా బొంబాయిలో బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వర్తక చట్టం బోధించాడు. అంతకుముందు పెట్టుబడులకి సలహాలిచ్చే వ్యాపారం పెడితే, ఈయన అంటరానివాడని తెలిసి వచ్చేవాళ్లు రావడం మానేశారు. లెక్క తప్పయిందని కాదు, కులం తెలిసిందని.

సరే, చివరికి ఒకాయన తీసుకున్నాడు. స్టైపెండ్ ఎంతకి తగ్గకూడదో పట్టణం జనాభాను బట్టి ఇన్‌స్టిట్యూట్ వాళ్లే నిర్ణయిస్తారు. ఆయన సరిగ్గా అంతే ఇచ్చాడు. అది గది అద్దెకే చాల్లేదు. మొదటి ఆర్నెల్లూ బిల్లులు ఫైలు చేయడం, జీఎస్టీ ఎంట్రీలు, బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకం సరిచూడటం. పని బాగా పట్టుకుంది. ఆ మాట ఆయనే అన్నాడు, అది దాచను.

తర్వాత ఒక కోల్డ్ స్టోరేజీ ఆడిట్‌కి సీనియర్‌తో పంపారు. ఓచర్లు చూడటం ఆమె పని. హమాలీ కూలి ఓచర్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది. టిక్కీకి వేసిన రేటు వాళ్ల నాన్న చేతికొచ్చేదానికంటే చాలా ఎక్కువ. పేర్లు వేరు, వేలిముద్రలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రాత్రి ఫోను చేసింది. “నాన్నా, ఆ కోల్డ్ స్టోరేజీలో టిక్కీకి ఎంతిస్తారు?” “ఎందుకే?” “ఊరికే.” ఆయనా అక్కడ సీజన్‌లో మోసినవాడే, చెప్పాడు.

మర్నాడు సీనియర్‌ని అడిగింది. “కూలి ఓచర్లు ఇలాగే ఉంటాయి, టిక్కు పెట్టు” అన్నాడు. మధ్యాహ్నం యజమాని ఇంటి నుంచి క్యారేజీ తెప్పించి, “మీ నాన్నగారేం చేస్తారమ్మా?” అని ఆప్యాయంగా అడిగాడు. “వ్యాపారం అండీ” అంది. “మిర్చి వ్యాపారం అని అబద్ధం చెప్పాను మాస్టారూ” అని నా దగ్గర ఏడ్చింది.

అయినా టిక్కు పెట్టలేదు. హాజరు పట్టీ చూపించమని రాసి ఆ కాగితం ఆడిటర్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన తిట్టలేదు. యజమానికి ఫోను చేసి పట్టీ అడిగాడు కూడా. అది వచ్చిందో లేదో, రిపోర్టులో ఏం రాశారో ఆమెకి తెలియనివ్వలేదు. ఆ వారం నుంచి బయటి ఆడిట్లకి పంపడం మానేశారు. “నువ్వు ఆఫీసులో జీఎస్టీ చూసుకోమ్మా.”

“నేను చేసింది తప్పా మాస్టారూ?” అని అడిగింది. అప్పటికింకా పదకొండు నెలలుంది. “నోరు మూసుకుని పూర్తి చెయ్యి తల్లీ” అన్నాను. ఇరవయ్యేళ్లుగా ‘ప్రశ్నించండి’ అని వేదికలెక్కి అరిచిన నేనే అన్నాను. సంతకం ఆయనది, భవిష్యత్తు మనది, ఏం చెయ్యను? పోనీ ఆ ఓచర్ల జిరాక్స్ తెచ్చుకోలేకపోయావా అన్నాను. “క్లయింటు కాగితం బయటికి రాకూడదు మాస్టారూ, అది మా నియమం” అంది. నాకు సిగ్గేసింది.

రెండేళ్లూ పూర్తి చేసింది. ఆర్నెల్లు ఆగితే గానీ ఫైనల్‌కి కూర్చోనివ్వరు. ఈ ఆర్నెల్లకీ గది అద్దె మన ఉద్యోగస్తులు ఇద్దరు ఇస్తున్నారు. ఇద్దరే. ఇంతమంది ఉద్యోగులం ఉన్నాం, జయంతికి ఫ్లెక్సీలకి చందాలిస్తున్నాం. నేనూ ఇస్తున్నాను.

మీలో కామర్స్ వాళ్లెవరు? చేతులెత్తండి. సభ అయ్యాక వెళ్లిపోకుండా ఉండండి. ఆ అమ్మాయి వెనక వరసలో కూచుని ఉంది. ఏ ఆఫీసులో ఏం అడుగుతారో, దరఖాస్తు ఎలా రాయాలో ఆమే చెప్తుంది.