పక్కన కూర్చున్న సంగీతం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీరుని పిలిచి సంగీతం గురించి మాట్లాడమనడం కమిటీవారి ధైర్యం!

మన పెందుర్తిలో రైలెక్కితే కొత్తవలస, అలమండ, కోరుకొండ దాటి విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యమైన ఫిడేలుని కచేరీ మధ్యలో కూర్చోబెట్టిన మనిషి ఆయన. ఆయన్ని ఎరగనివారు ఈ సభలో ఉండరు. నేను చెప్పదలచుకున్నది మరొకరి గురించి. అదే కళాశాలలో గాత్రం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారు, అంటే సాలూరు చిన గురువుగారు, ఘంటసాలకు గురువు. ఆయన కుమారుడు సంగీతరావు గారు. 1920లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, నూరేళ్ళు నిండాక 2021లో వెళ్ళిపోయారు.

ఈయన వాద్యం హార్మోనియం. మద్రాసులో ఘంటసాల పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్నారు. వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. "పద్మావతీ శ్రీనివాసం", "హరవిలాసం" అలాంటివే. చప్పట్లు మాత్రం గజ్జెలకే ఎక్కువ పడతాయి లెండి.

ఆ పని ఎంత కష్టమో చూడండి. కచేరీలో రాగం ఎంతసేపు పాడాలో గాయకుడి ఇష్టం. నాటకంలో అది కుదరదు. పాత్ర తెర దాటి వచ్చి నిలబడేదాకా ప్రవేశ దరువు నడవాలి. అలిగిన మనిషి మెత్తబడితే రాగం కూడా అతుకు కనబడకుండా మారాలి. ఒకరు వేషం మార్చుకుంటుంటే ఆ ఖాళీ సంగీతమే నింపాలి. పల్లెలో తెల్లవార్లూ ఆడే కథ పట్నం సభలో రెండు మూడు గంటల్లో ముగియాలి. ఇన్నిటి మధ్య కాళ్ళు ఆడటానికి జతులకు చోటు వదలాలి. మేం ఆవిరి పైపులైను వేసేటప్పుడు అక్కడక్కడ వంపు వదులుతాం, వేడికి గొట్టం సాగడానికి. తెలియనివాళ్ళు ఇనుము దండగంటారు. ఆ వంపు లేకపోతే గొట్టం పగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం. స్వర్ణోత్సవ నిధి ఖర్చుల జాబితా చూశాను. ప్రహరీ ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి, మంచినీళ్ళ ప్లాంటు ఉంది. అన్నీ కావలసినవే. సంగీతం మాత్రం లేదు. మన కాలంలో ఆగస్టు పదిహేనుకి నాటకం వేస్తే సినిమా పాటల రికార్డు పెట్టి సరిపెట్టుకున్నాం. ఇవాళ్టి పిల్లలు సెల్‌ఫోన్ పెట్టి సరిపెట్టుకుంటున్నారు. అడుగుతున్నది పెద్దదేం కాదు: ఒక హార్మోనియం, ఒక ఫిడేలు, వారానికి రెండు పూటలు వచ్చే మాస్టారు. ఏ పిల్లకి ఏ వాద్యం పలుకుతుందో ఆయనే చూసుకుంటారు.

మొదటి ఏడాది జీతం మా బ్యాచ్ ఇస్తుంది. రెండో ఏడాది ఎవరిదో భోజనాల దగ్గర నాకు చెప్పండి. పుస్తకం, పెన్ను తెచ్చుకున్నాను.